కంప్యూటర్ అయిదుసార్లు నేర్చుకున్నాను

‘‘మీరు కంప్యూటర్ ఎప్పుడు నేర్చుకున్నారండీ?’’ అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు. సైకిల్ అయితే ఒకసారి నేర్చుకుంటే చాలు, ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎక్కినా కాళ్ళు వాటంతటవే తొక్కుతాయి. ఈతా అంతే. కంప్యూటర్ అలా కాదు. మనం నేర్చుకున్నది మన దగ్గరే ఉంటుంది, అది మాత్రం మారిపోతుంది. నా లెక్క ప్రకారం ఇప్పటికి అయిదుసార్లు ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. బెజవాడలో అక్షరాలు కొట్టి బతికినదాన్ని కాబట్టి, ప్రతిసారీ నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పెట్టెకి తెలుగు వచ్చా, రాదా?

మొదటిసారి 1989లో. అప్పటికి టైపు ఇంగ్లీషు హయ్యర్, తెలుగు లోయర్ పాసయ్యాను. గవర్నరుపేటలో ఒక మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. లోపల ఏసీ. ఇద్దరికి కలిపి ఒక మిషను, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. దానికి హార్డ్ డిస్కు లేదు. ఏ డ్రైవులో డాస్ ఫ్లాపీ పెట్టి నిద్రలేపాలి. తర్వాత అది తీసి వర్డ్‌స్టార్ ఫ్లాపీ పెట్టాలి. మనం కొట్టింది దాచుకోవడానికి బీ డ్రైవులో మన ఫ్లాపీ. అయిదుంపావు అంగుళాల ఆ పల్చటి ఫ్లాపీలో పట్టేది 360 కేబీ. ఇవాళ ఫోన్లో తీసే ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. ఫైలుకి పేరు పెట్టాలంటే 8 అక్షరాలు దాటకూడదు. మన పేర్లు, ఇంటిపేర్లు దాని లెక్కకి మరీ పొడుగు. తలా తోకా కోసి ఇరికించేవాళ్ళం.

‘‘సార్, ఇందులో తెలుగు ఎలా కొట్టాలి?’’ అని అడిగాను ఒకరోజు.

‘‘ఇది అమెరికా మిషనమ్మా’’ అని సారు నవ్వేశారు.

నిజానికి అప్పటికే మన దేశంలో ఆ పని జరుగుతోంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన ‘జిస్ట్’ అనే పని, 1988లో పుణేలో పెట్టిన సీడాక్ సంస్థకి చేరింది. కంప్యూటర్లో ఒక కార్డు గుచ్చితే తెర మీద భారతీయ లిపులు కనిపించేవి. ఏ భాషకైనా ‘క’ ఒకే మీట మీద, ‘మ’ ఒకే మీట మీద ఉండేలా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తయారుచేశారు. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. ఇదంతా మా మేడ మీదికి మాత్రం ఎక్కి రాలేదు.

రెండోసారి 1994లో, ఏలూరు రోడ్డు వెనక సందులో ఒక ప్రెస్సులో. అక్కడ సీసపు అక్షరాల రోజులు అయిపోవస్తున్నాయి. గోడవారన టైపు కేసులు, వాటి నిండా గళ్ళు. గళ్ళలో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు. పాతికేళ్ళుగా వాటి ముందు నిలబడి కంపోజింగ్ చేసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. అందరం ‘బాబాయ్’ అనేవాళ్ళం. ఓనరుగారు కంప్యూటరూ, లేజర్ ప్రింటరూ కొని నన్ను కూర్చోబెట్టిన రోజున బాబాయ్ నా వెనకాల నిలబడి చాలాసేపు చూశారు.

‘‘కేసులో అయితే అక్షరం చేతికి తగుల్తుంది అమ్మాయ్. ఇందులో ఏం తగుల్తుంది?’’ అన్నారు.

ఆ మాట వెనక దిగులు ఏమిటో నాకు తెలుసు. ఆయన రెండు రోజులు నిలబడి చేసే పని నేను ఒక పూట కూర్చుని చేసేస్తున్నాను. అదృష్టం కొద్దీ ఓనరుగారు ఆయన్ని పంపెయ్యలేదు, ప్రూఫులు దిద్దమన్నారు. అక్కడ తెలిసింది ఆయన పనితనం. ప్లేటు చెయ్యడానికి పేజీని ట్రేసింగ్ పేపర్ మీద, అద్దంలో బొమ్మలా తిరగేసి ప్రింటు తీసేవాళ్ళం. మేమంతా ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి వెనకవైపు నుంచి చదివితే, బాబాయ్ బల్లమీద పెట్టి అలాగే గడగడా చదివేసేవారు. సీసపు అక్షరం ఎప్పుడూ తిరగేసే ఉంటుంది కదా. ఆయన కళ్ళకి అదే అలవాటు.

ఇక ఆ కంప్యూటర్లో తెలుగు ఎలా వచ్చిందో చెప్పాలి. విండోస్, పేజ్‌మేకర్, వాటి మీద తెలుగు ఫాంట్ల ప్యాకేజీ. అను, శ్రీలిపి లాంటివి రాష్ట్రంలో వేల డీటీపీ కుటుంబాలకి అన్నం పెట్టాయి. కీబోర్డులు కూడా రకరకాలు. ఒకదానికి చెయ్యి అలవాటుపడితే రెండోదాని మీద వేళ్ళు కదలవు. తెర మీద మొదటిసారి గుండ్రటి తెలుగు అక్షరం చూసినప్పుడు, దీనికి తెలుగు వచ్చేసిందని సంబరపడ్డాం. అందరం అలాగే అనుకున్న కాలం అది.

రాలేదు. దానికి తెలుగు వేషం వేశారంతే. కంప్యూటర్ దాచుకునేది అంకెల్ని. ఇంగ్లీషు పెద్ద ‘ఏ’కి 65, ‘బీ’కి 66 అని లెక్క. ఆ కాలపు ఫాంటులో ఇలాంటి గళ్ళు 256. తెలుగు ఫాంటు చేసినవాళ్ళు ఆ గళ్ళలో ఇంగ్లీషు బొమ్మలు తీసేసి, తెలుగు ముక్కలు పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, ఒక గడిలో ఒత్తు. ఆ ముక్కలు పక్కపక్కన పేర్చితే మన కంటికి ‘అమ్మ’ కనిపిస్తుంది. కంప్యూటర్ మాత్రం తన దగ్గర ఉన్నది ఏవో ఇంగ్లీషు అక్షరాలనీ, గుర్తులనీ అనుకుంటుంది. పైగా ఏ ముక్క ఏ గడిలో పెట్టాలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఒకరి ఫాంటులో కొట్టింది ఇంకొకరి ఫాంటులో తెరిస్తే అర్థం పర్థం ఉండదు. అసలు ఆ ఫాంటే లేని మిషన్లో తెరిస్తే డాలర్ గుర్తులూ, నెత్తిన చుక్కలున్న ‘యూ’లూ, కొమ్ములున్న ‘ఏ’లూ వరసగా కనిపిస్తాయి. పుస్తకం అచ్చయిపోతే చాలనుకునే రోజుల్లో ఇది ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. మాకు కావలసింది కాగితం మీద బొమ్మ. అది చక్కగా వచ్చేది.

1997లో దివిసీమ వైపునుంచి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. సంచిలో నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి ఆ ప్రాంతమంతా ఊడ్చిపెట్టేసిన సంగతి పెద్దవాళ్ళందరికీ గుర్తే. మాస్టారు ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు తమ ఊళ్ళోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగి, బతికినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. చివర పదకొండు పేజీల నిండా పేర్లు. ఆ రాత్రి పోయినవాళ్ళ పేర్లు. ఇంటిపేరు, పేరు, వయసు, ఎవరి తాలూకు. కొన్నిచోట్ల పేరు కూడా లేదు, ‘ఫలానావారి పసిబిడ్డ’ అని ఉంది.

‘‘అమ్మాయ్, కథల్లో అచ్చుతప్పు పడితే పడింది. ఈ పేర్లలో మాత్రం ఒక్క దీర్ఘం కూడా పోకూడదమ్మా. వాళ్ళకి ఇంక మిగిలింది ఇదే’’ అన్నారు.

ఆ పదకొండు పేజీలూ బాబాయ్ మూడుసార్లు దిద్దారు. 300 కాపీలు వేశాం. మాస్టారు అవన్నీ ఊళ్ళో పంచేశారు.

మూడోసారి నేర్చుకున్నది ఇంటర్నెట్. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. బెజవాడలో మా వీధి చివర నెట్ సెంటర్ వచ్చేసరికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. చెక్క గదులు, మధ్యలో పరదాలు, ఫోన్ లైను కలిసేటప్పుడు కీచుమనే చప్పుడు. మా తమ్ముడు హ్యూస్టన్ వెళ్ళాక వాడితో మాట్లాడటానికి వారానికి ఒకసారి వెళ్ళేదాన్ని. వాడు పంపే ఉత్తరాలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. చిన్న ‘టీ’ కొడితే త, పెద్ద ‘టీ’ కొడితే ట. చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. ‘ఏ’ ఒకటి కొడితే అ, రెండు కొడితే ఆ.

ఇదేం రాతరా అని అడిగితే, తొంభైల మొదట్లోనే అమెరికాలో ఉన్న తెలుగు కుర్రాళ్ళు పెట్టుకున్న పద్ధతి అన్నాడు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది కాబట్టి దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. రామారావు కన్నెగంటి, ఆనందకిశోర్ దాని వెనక ఉన్నవాళ్ళు. ఫాంటు అక్కర్లేదు, లిపి అక్కర్లేదు. ఏ దేశంలో ఏ మిషన్లో తెరిచినా తెలుగు మాట తెలుగు మాటలాగే వినిపిస్తుంది. నాకు వింతగా అనిపించింది. మా ప్రెస్సులో రూపం ఉంది, లోపల మాట లేదు. వీళ్ళ దగ్గర మాట ఉంది, రూపం లేదు. రెండూ కలిసేదెప్పుడు?

కలిసింది నాలుగోసారి. దాని పేరు యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నిటికీ, ప్రతి అక్షరానికీ తనదైన ఒక అంకె. తెలుగుకి 128 గళ్ళు. ‘అ’కి 3077, ‘క’కి 3093. అది ఇంకెవరిదీ కాదు, ఏ ఫాంటు మార్చినా మారదు. 1991లో వచ్చిన మొట్టమొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. కానీ ఆ అంకెలు అర్థం చేసుకునే మిషన్లు, ఫాంట్లు మన బల్ల మీదికి రావడానికి పదేళ్ళు దాటింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉండేది. అయితే సెట్టింగుల్లోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెడితే తప్ప ఒత్తులు కుదురుగా కూర్చునేవి కావు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన అని రెండు ఫాంట్లు చేసి ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ వచ్చాక, ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే కింద తెలుగు వచ్చేసేది. పత్రికల వెబ్‌సైట్లు అప్పటికింకా తలా ఒక ఫాంటు వాడుతుండేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే పనిముట్టు చేశారు. వీటిలో చాలావరకు జీతం రాళ్ళ కోసం చేసిన పనులు కావు. ఎవరికి వాళ్ళు తీరిక వేళల్లో కూర్చుని చేసినవి.

యూనికోడ్ లోపలి సంగతి తెలిసినప్పుడు నాకు ఒకటో తరగతి గుర్తొచ్చింది. ‘స్త్రీ’ అన్న అక్షరాన్ని అది ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. బడిలో పంతులుగారు పలికించినట్టే, పలికిన వరసలోనే. కళ్ళకి కనిపించే రూపం ఫాంటు చూసుకుంటుంది. మాట వేరు, రూపం వేరు. అందుకే ఫాంటు మార్చినా మాట చెడదు. ఆ మాటని వెతకొచ్చు, అక్షరక్రమంలో పేర్చొచ్చు. కళ్ళు లేనివాళ్ళకి మిషను చదివి వినిపించొచ్చు. అప్పుడు ఒప్పుకున్నాను, దీనికి తెలుగు వచ్చిందని.

అయిదోసారి ఫోను. మొదట్లో ఎస్సెమ్మెస్ తెలుగులో ఇవ్వాలంటే ప్రాణం మీదికొచ్చేది. ఇంగ్లీషులో అయితే ఒక మెసేజీకి 160 అక్షరాలు, తెలుగులో 70. అందులో ‘స్త్రీ’ ఒక్కటే ఆరు తినేస్తుంది. తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, ఆ బాధ తీరింది. 2018 ఫిబ్రవరిలో ఒక తమాషా కూడా జరిగింది. ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. కొద్దిరోజుల్లోనే యాపిల్ దాన్ని సరిచేసింది. జ్ఞానం తట్టుకోలేకపోయిందని మా ఇంట్లో నవ్వుకున్నాం. ఇప్పుడు మా అత్తగారు, ఎనభై రెండేళ్ళావిడ, మైకు గుర్తు నొక్కి మాట్లాడుతుంటే ఫోను తెలుగులో రాసేస్తోంది. ఆవిడ నా అంత కష్టపడలేదు. ఒక్కసారే నేర్చుకున్నారు.

అంతా బాగానే ఉంది కదా అనుకుంటున్న రోజుల్లో, 2019లో, మాస్టారి మనవరాలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. పుస్తకం కాపీలు వానకీ, చెదలకీ పోయాయి. ఇంట్లో మిగిలిన ఒక్కటీ ఎవరో తీసుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదట.

‘‘ఆంటీ, తాతయ్య మీ దగ్గరే కొట్టించారట కదా. ఫైలేమన్నా ఉందా?’’ అంది.

ఉంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు, నేను కొట్టిన ఫైళ్ళని ఫ్లాపీల్లోంచి సీడీల్లోకి, సీడీల్లోంచి పెన్‌డ్రైవ్‌లోకి తిప్పుతూ వచ్చాను. ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో పెట్టాం. పేజ్‌మేకర్ లేదు, ఫైలు తెరుచుకోలేదు. మా ఇంట్లో ఉన్న పాత మిషన్లో తెరిచి, అక్షరాలు మాత్రం బయటికి తీసి పంపాను. ఆ అమ్మాయి ఫోన్లో డాలర్లూ, చుక్కలూ, కొమ్ములూ.

‘‘ఆంటీ, ఇందులో మా ముత్తాతమ్మ పేరు ఉంటుందని నాన్న చెప్పేవారు. ఇందులో ఎక్కడని వెతకను?’’ అంది.

ఆ తెర వంక చూస్తూ కూర్చున్నాం ఇద్దరం. ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు రెండోసారి పోవడం అంటే ఇదే కదా అనిపించింది. ఫైలు చెక్కుచెదరలేదు. ఒక్క దీర్ఘం కూడా పోలేదు. కానీ ఎవరూ చదవలేరు.

పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటితో మార్చాం. ముక్కలు కంటికి కనిపించే వరసలో పేర్చిన రాత కాబట్టి, పలికే వరసకి తిప్పేటప్పుడు ఒత్తులు కొన్ని పక్క అక్షరానికి అంటుకున్నాయి, కొన్ని దీర్ఘాలు మాయమయ్యాయి. పాత మిషన్ తెర ఒక పక్కన, కొత్తది ఒక పక్కన పెట్టుకుని మూడు వారాలపాటు సాయంత్రాలు కూర్చుని దిద్దాం. ఆ అమ్మాయి పైకి చదివేది, నేను సరిచూసేదాన్ని. పేర్ల పేజీలు మళ్ళీ మూడుసార్లు చూశాం. బాబాయ్ పెట్టిన లెక్క అది.

దిద్దడం అయ్యాక ఆ అమ్మాయి వెతుకు గడిలో వాళ్ళ ముత్తాతమ్మ పేరు కొట్టింది. ఆరో పేజీలో వెలిగింది. పేరు, పక్కన వయసు 41, ‘ఫలానావారి భార్య’. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఇంటిపేరు మాత్రమే కొట్టింది. ఇంకో ఏడుగురు కనిపించారు. అందులో ఇద్దరి సంగతి వాళ్ళ నాన్నకి కూడా తెలీదట.

ఇది ఒక్క మాస్టారి పుస్తకం సంగతి కాదు. దాదాపు ఇరవై ఏళ్ళపాటు మన ఊళ్ళ చరిత్రలు, పాటల సంపుటాలు, సావనీర్లు, కుటుంబ వృక్షాలు, చిన్న పత్రికలు అన్నీ ఇలాంటి ఫాంట్లలోనే కొట్టాం. అందులో ఎంతో భాగం ఇవాళ గూగుల్‌కి కనిపించదు, ఎందుకంటే అది కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. పీడీఎఫ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ కంటికి ముచ్చటగానే ఉంటుంది. అందులోంచి ఒక్క మాట కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, సంగతి తెలుస్తుంది. తాళం ఉన్న పెట్టెకి అద్దం తలుపు పెట్టినట్టు. చూడొచ్చు, తియ్యలేం.

ఇవాళ్టికీ చాలా డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లలోనే పని జరుగుతోంది. చేతికి అలవాటు, అక్షరాల సొగసూ కారణం. అందులో తప్పు పట్టేదేమీ లేదు. పైగా రామరాజ, సురవరం, గిడుగు, మల్లన్న, పెద్దన అంటూ యూనికోడ్‌లోనూ ఇప్పుడు రకరకాల ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. మీరు పుస్తకం వేయించుకుంటుంటే అడగాల్సింది ఒక్కటే: ‘‘బాబూ, దీని రాత మొత్తం యూనికోడ్‌లో కూడా ఒక ఫైలు ఇవ్వు.’’ ముందే చెప్పి కొట్టించుకుంటే పెద్ద పనేం కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత అడిగితే మూడు వారాలు.

మీ ఇంట్లో కూడా బీరువా పైనో, అటక మీదో అలాంటి సీడీ ఒకటి ఉండే ఉంటుంది. నాన్నగారి పద్యాలో, అమ్మమ్మ పాటలో, ఊరి గుడి చరిత్రో. ఈ ఆదివారం దించి చూడండి. తెరుచుకుంటుందా, తెరుచుకుంటే చదవగలుగుతున్నారా, అందులో మీవాళ్ళ పేరు వెతికితే దొరుకుతుందా? దొరక్కపోతే, దాన్ని కొట్టినవాళ్ళు బతికి ఉండగానే, పాత మిషన్లు ఇంకా లేస్తుండగానే పట్టుకెళ్ళండి. మా పాత మిషన్ ఫ్యాను ఈమధ్య చప్పుడు చేస్తోంది.